హిప్ హాప్ బీటు కట్టు విధము



పాట విన్నప్పుడు మనము సాధారణముగా పాడినవారి పేరడుగుదుము. కొంచెము రసికులైనవారు స్వరము కూర్చినవారి పేరును, మాటలు వ్రాసినవారి పేరును గూడ అడుగుదురు. తాళవాద్యము వాయించినవాని పేరడుగువారు మిక్కిలి అరుదు. నేడు నేను ముచ్చటింపబోవు సంగీతము మాత్రము ఆ తాళగాని చేతినుండియే పుట్టినది. దానిని హిప్ హాప్ అందురు. అందు లయబద్ధముగా మాటలు చెప్పువానిని రాపర్ అనియు, ఆ మాటల క్రింద మొదటినుండి చివరివరకు నడచెడి వాద్యభాగమును బీటు అనియు, బీటు కట్టువానిని ప్రొడ్యూసరు అనియు వ్యవహరింతురు. ఒక బీటు ఆదినుండి అంతమువరకు ఏ విధముగా తయారగునో, అందు కట్టువాని పనితనమెంతయో, ఇతరులకు అతడు పడిన ఋణమెంతయో ఈ కొద్ది నిమిషములలో మనవి చేసెదను.

ముందుగా దీని పుట్టుకను గూర్చి రెండు మాటలు. న్యూయార్కు మహానగరమున బ్రాంక్సు అను భాగము కలదు. అచ్చట సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 సంఖ్యగల అద్దెయిండ్ల మేడయందలి వినోదశాలలో 1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఒక నాట్యసభ జరిగెను. సిండీ కాంబెల్ అను బాలిక, బడులు తెరచు దినములకు క్రొత్తబట్టలు కొనుక్కొనుటకై దాని నేర్పాటుచేసి, ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు రుసుముగా పెట్టెను. ఆ సభలో రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్ కాంబెల్. జమైకా ద్వీపమందలి కింగ్‌స్టనులో పుట్టి న్యూయార్కు చేరిన ఆ యువకుడే కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధి కెక్కెను.

ఇట్టి సభలలో హెర్క్ ఒక విషయమును కనిపెట్టెను. పాట నడుమ గానమును, తక్కిన వాద్యములును ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మ్రోగు కొన్ని క్షణములుండును. దానిని బ్రేక్ అందురు. ఆ క్షణములకొరకే నర్తకులు కాచుకొనియుండిరి. అవి వచ్చినంతనే మైదానమున దుమికి ఆడుచుండిరి; కాని అవి ఇట్టే గడచిపోవుచుండెను. అందుచే హెర్క్ ఒకే రికార్డు ప్రతులను రెండింటిని రెండు యంత్రములమీద పెట్టి, ఒక ప్రతిలో బ్రేక్ ముగియు నప్పటికి రెండవ ప్రతిలో దానిని మరల మొదలుపెట్టి, కొన్ని సెకండ్ల ముక్కను కొన్ని నిమిషముల నాట్యముగా పొడిగించెను. ఈ ఉపాయమునకు రంగులరాట్నమని అర్థమిచ్చు ఆంగ్లనామమును పెట్టెను. బీటు కట్టుటయం దంతటను గల మూలసూత్రము ఇదియే. ఒకరు వాయించిన క్షణమును పట్టుకొని, దానిని చుట్టు త్రిప్పి, దానిమీద మరియొకరు నిలువదగిన చోటు చేయుట.

ఇక పని క్రమమునకు వత్తము. మాటలు గాలిలో తేలిపోకుండుటకై ఒక నిజమైన బీటును ఉదాహరణముగా నుంచుకొందము. బ్రాంక్సునకు ఆనుకొని మౌంట్ వెర్నన్ అను పట్టణము కలదు. పీట్ రాక్ అను ప్రొడ్యూసరు అచ్చట పెరిగినవాడు. అతని బంధువైన హెవీ డి నడపిన బృందమున ట్రాయ్ డిక్సన్ అను నర్తకుడుండెను. ఆ బృందము పర్యటనలో నుండగా 1990 జూలై 15వ తేదీన ఇండియానాపొలిసు నగరమున డిక్సన్ ప్రమాదవశమున ఎత్తునుండి పడి, 22 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆ దుఃఖమునుండి పుట్టినదే పీట్ రాక్, సి. ఎల్. స్మూత్ అను జంట 1992లో వెలువరించిన 'దే రెమినిస్ ఓవర్ యూ' అను పాట. మృతుని స్మరించుచు చెప్పిన పాటలలో దానికి నేటికిని అగ్రస్థానము కలదు.

బీటు కట్టుటలో మొదటి పని చేతిది కాదు, చెవిది. పాత రికార్డులు అమ్ము అంగళ్లలో పెట్టెలు పెట్టెలుగా వెదకి, ఇతరులు విడిచిన రికార్డులను ఓపికతో వినుటను ఆ వృత్తిలోనివారు పెట్టెలు త్రవ్వుట అందురు. పీట్ రాక్‌నకు అట్లు దొరకినది టామ్ స్కాట్ అను సాక్సఫోను విద్వాంసుని 1967వ సంవత్సరపు రికార్డు. అందలి 'టుడే' అను పాట స్కాట్ సొంతము కాదు. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అను బృందము అదే సంవత్సరమున పాడిన ప్రేమగీతము. స్కాట్ దానిని తన బాణీలో వాయించెను. ఆ వాద్యమునందలి ఒక చిన్న పలుకును పీట్ రాక్ పట్టుకొనెను. పాట మొత్తము మీద ప్రేమగీతమే. కాని ఆ ఒక్క పలుకును విడదీసి మరల మరల వినిపించినప్పుడు, అది పోయినవానిని పేరుపెట్టి పిలుచుచున్నట్లు ధ్వనించును. 25 ఏండ్లు ఆ పలుకు రికార్డులోనే యున్నది. దానిలోని దుఃఖమును వినుటకు దుఃఖము నెరిగిన చెవి కావలసివచ్చెను.

ఏ ముక్కను ఎన్నుకొనవలెను? అందు గానము లేకుండుట మంచిది. ఏలయన, క్రొత్తమాటలు పాతమాటలతో పెనగులాడరాదు. శ్రుతి నిలుకడగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పదిసారులు త్రిప్పి వినినను విసుగు పుట్టింపరాదు. పదవసారి వినునప్పుడు మొదటిసారి వినబడనిదేదియో వినబడిన, ఆ ముక్క పనికివచ్చును.

రెండవ పని ఆ ముక్కను యంత్రములోనికి తీసికొనుట. ముక్కను సాంపిల్ అనియు, యంత్రమును సాంప్లర్ అనియు అందురు. మనము దానిని తునక యందము. పీట్ రాక్ వాడిన యంత్రము 1987లో వెలువడిన ఎస్.పి. 1200. దాని జ్ఞాపకశక్తి మొత్తము 10 సెకండ్లు. ఒక్కొక్క తునకకు రెండున్నర సెకండ్లు మించరాదు. ఇంత యిరుకులో పని జరుగుటకై వారొక చమత్కారము పన్నిరి. నిమిషమునకు ముప్పదిమూడు చుట్లును, చుట్టులో మూడింట ఒకపాలును తిరుగవలసిన రికార్డును 45 చుట్ల వేగమున త్రిప్పి లోనికి తీసికొందురు. అప్పుడు ధ్వని త్వరగా ముగియును గనుక తక్కువ స్థలము చాలును. శ్రుతియు పైకి లేచును. మన సంగీతభాషలో చెప్పవలెనన్న, షడ్జము ఇంచుమించు శుద్ధమధ్యమమునకు చేరును. పిమ్మట యంత్రములో వేగము తగ్గించి దానిని మరల తన చోటికి దింపుదురు. ఇట్లెక్కి దిగుటలో ధ్వని కొంత గరుకెక్కును. ఆ యంత్రము సెకండునకు 26,040 మార్లు మాత్రమే ధ్వనిని కొలుచును. కాంపాక్టు డిస్కునందు ఆ కొలత 44,100. ఈ లోపమే ఆ కాలపు బీట్లకు ఒక మట్టివాసన నిచ్చెను. నేడు కంప్యూటరులో గంటలకొలది ధ్వనిని నింపవచ్చును. అయినను, పది సెకండ్లలో ఏది ముఖ్యమో తేల్చుకొనుట నేర్చినవాని పొదుపు నేటి పనివానికిని అవసరమే.

మూడవ పని కోయుట. తునక మొదలు సరిగా వాద్యము మ్రోగిన క్షణముననే యుండవలెను. వెంట్రుకవాసి ముందైనచో తాళము వెనుకబడినట్లుండును; వెంట్రుకవాసి వెనుకైనచో వాద్యము తలతెగినట్లుండును. ధ్వనితరంగము శూన్యరేఖను దాటుచోట కోసిన, టక్కుమను చప్పుడు పుట్టదు. కోసిన ముక్కలను యంత్రముమీది మీటల కొక్కొక్కటిగా అప్పగింతురు. జపానుదేశపు అకాయి సంస్థ, అమెరికావాడగు రోజర్ లిన్ కలసి 1988లో వెలువరించిన ఎం.పి.సి. 60 యంత్రమునకు వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసలుగా 16 మెత్తని మీట లుండెను. ముక్కలను వాటిమీద పరచి, వ్రేళ్లతో ముందువెనుకలు మార్చి వాయించినచో పాతపాటలో లేని క్రొత్తవరుస పుట్టును. కంప్యూటరునకు తగిలించు నేటి చిన్న మీటల పలకలును ఆ పదునారిండ్ల అమరికనే అనుసరించుచున్నవి.

నాలుగవ పని తాళము. నిమిషమునకు 90 దెబ్బల నడక తీసికొందము. దెబ్బకు దెబ్బకు నడుమ సెకండులో మూడింట రెండుపాళ్లు కాలముండును. నాలుగు దెబ్బలు కలసి ఒక ఆవర్తము. ఒక్కొక్క దెబ్బను మరల నాలుగు భాగములు చేసిన, ఆవర్తమునకు 16 స్థానములు వచ్చును. ఇప్పుడు మీరు మనసులోనే ఒకటినుండి పదునారువరకు సమముగా లెక్కించుడు. కాలితో వాయించెడి పెద్దడ్రమ్మును కిక్ అందురు. దానిని 1వ స్థానమునను, 8వ స్థానమునను, 11వ స్థానమునను ఉంచుడు. కఱ్ఱపుల్లతో గట్టిగా మ్రోగించు స్నేరుడ్రమ్మును 5వ స్థానమునను, 13వ స్థానమునను ఉంచుడు. హై హ్యాట్ అను జంటతాళములను బేసిస్థానము లన్నిటను సన్నగా పలికింపుడు. ఇది హిప్ హాప్ నడకలలో సులభమైన దొకటి. ఇందు స్నేరు కదలని స్తంభము వంటిది. కిక్ ఆ స్తంభముచుట్టు ఆడును. 8వ స్థానమున దెబ్బపడుటవలన, నడుమకు చేరకముందే ఎవరో తొందరపెట్టినట్లు శరీరము ముందుకు వంగును.

కాని ఇంతటితో వదలిన, అది గడియారపు చప్పుడగునే గాని సంగీతము కాదు. మనిషి వాయించినప్పుడు అన్నిదెబ్బలు ఒకే బలముతో పడవు. అన్నియు ఒకే దూరమునను పడవు. బలమును గూర్చి మొదట చెప్పెదను. 1969 నవంబరులో సిన్సినాటి నగరమున జేమ్స్ బ్రౌన్ బృందము 'ఫంకీ డ్రమ్మర్' అను పాటను రికార్డుచేసెను. అందు వాయించిన డ్రమ్ముగాడు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. పెద్దదెబ్బల నడుమ స్నేరుమీద పుల్లను తాకీతాకనట్లు రాల్చెడి చిన్నదెబ్బలు అతని వాయింపునకు ప్రాణము. వాటిని ఆ దేశమువారు దయ్యపు దెబ్బలందురు. అవి యున్నట్లు తెలియదు, తీసివేసినచో లోటు తెలియును. ఆ పాటలో తక్కిన బృందము నూరకుండగా అతడొక్కడు వాయించిన సుమారు 20 సెకండ్ల భాగము వందలకొలది హిప్ హాప్ పాటలలో తునకగా మారెను.

ఇక దూరము. సగము దెబ్బలో రెండు చిన్నస్థానములున్నవి గదా. ఆ రెండును సమానమైనచో అది మన చతురశ్రగతి. మొదటిదానికి రెండుపాళ్లు, రెండవదానికి ఒకపాలు ఇచ్చినచో అది తిశ్రగతి నడక. హిప్ హాప్ ఊపు ఈ రెండింటికి నడుమ నుండును. రోజర్ లిన్ తన యంత్రములలో ఈ ఊపును అంకెలతో పెట్టెను. నూటికి 50 అనిన చతురశ్రము. 66 అనిన ఇంచుమించు తిశ్రము. 58 పెట్టినచో, మనము తీసికొన్న 90 దెబ్బల నడకలో ఆ రెండవ చిన్నదెబ్బ సెకండులో వేయింట 27 పాళ్లు ఆలస్యమగును. అంత స్వల్పకాలమును మనసు లెక్కింపలేదు. కాలు మాత్రము గుర్తించును. డెట్రాయిటు నగరవాసి జె డిల్లా, యంత్రము దెబ్బలను సరిదిద్దు ఏర్పాటును పలుమారు త్రోసిపుచ్చి, ఏది ముందుకు జరుగవలెనో, ఏది వెనుక జారవలెనో తన చెవితోనే నిర్ణయించెను. అతడు 2006 ఫిబ్రవరి 10వ తేదీన 32 ఏండ్లకే మరణించెను. అతని ఎం.పి.సి. యంత్రము వాషింగ్టనులోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర సంస్కృతుల జాతీయ ప్రదర్శనశాలకు చేరినది. వీణనో మృదంగమునో దాచినట్లే ఆ యంత్రమును దాచిరి. అదియు ఒక విద్వాంసుని వాద్యమే గదా.

అయిదవ పని మంద్రస్వరము. తునకలో పాతపాటయొక్క మంద్రస్వరము కలసియుండును. దానిని వడపోసి తీసివేసి క్రొత్తగా వాయింపవచ్చును. లేదా పైధ్వనులను వడపోసి, క్రింద మిగిలిన గుమ్మను నాదమునే మంద్రముగా వాడవచ్చును. పీట్ రాక్ బీట్లలో ఈ రెండవ పద్ధతి ప్రసిద్ధము. ఏ పద్ధతియైనను రెండు నియమములు తప్పవు. మంద్రము తునకతో శ్రుతి కలియవలెను, కిక్‌డ్రమ్ముతో పోరాడరాదు. రెండును ఒకే లోతున మ్రోగునవి గనుక, ఒకటి పలికినప్పుడు రెండవది కొంచెము తగ్గవలెను.

ఆరవ పని అమరిక. ఒక చుట్టు ఎంత చక్కనిదైనను మూడునిమిషములు మార్పులేక తిరిగిన శ్రోత విసుగుచెందును. కనుక ఎనిమిది ఆవర్తముల ఉపోద్ఘాతము, రాపర్ మాటకు పదునారు ఆవర్తములు, పల్లవి కెనిమిది. ఇట్లు మూడుమార్లు మాట, మూడుమార్లు పల్లవి వచ్చునట్లు కట్టుదురు. మొత్తము 80 ఆవర్తములు. మన నడకలో 3 నిమిషముల 33 సెకండ్లు. ఈ అమరికలో చేర్చుటకంటె తీసివేయుటయే గొప్పవిద్య. మాట మొదలగునప్పుడు సాక్సఫోను ఆపి డ్రమ్ములను మాత్రము ఉంచుదురు. ముఖ్యమైన మాటవద్ద డ్రమ్ములను గూడ ఒక దెబ్బకాలము ఆపుదురు. ఆ నిశ్శబ్దమున మాట గుండెకు తగులును. మన బుర్రకథలో కథకుడు కరుణరసఘట్టమున గొంతు తగ్గించినప్పుడు వంతలు గుమ్మెటల నెట్లు అణచుదురో స్మరించుడు. మాట చెప్పువానికి చోటిచ్చుటయే ఇచ్చట వాద్యధర్మము. పీట్ రాక్ కట్టిన బీటుమీద స్మూత్ తన కుటుంబమువారిని తలచుకొనుచు చివరకు పోయిన స్నేహితుని వద్దకు వచ్చును. సాక్సఫోను పలుకు మాటకు అడ్డుపడక, మాట ఆగినచోట తాను బదులు చెప్పినట్లు వినిపించును.

ఏడవ పని కలుపుట. ఒక్కొక్క ధ్వనికి దాని యెత్తును, దాని చోటును నిర్ణయింపవలెను. మనిషిమాటలోని హల్లులు స్పష్టముగా వినబడుటకు సెకండునకు సుమారు రెండువేలనుండి నాలుగువేల కంపనములవరకు గల ప్రాంతము ముఖ్యము. అచ్చట తునకను కొంచెము తగ్గించి రాపర్ గొంతునకు దారి విడువవలెను. పిమ్మట దానిని పెద్దయంత్రముమీదనే గాక, చిన్న రేడియోమీదను, మోటారుకారులోను విని చూడవలెను. చిన్న రేడియోలో మంద్రము మాయమైనను పాట నడక తెలియుచున్నచో పని కుదిరినదనుకొనవచ్చును. మరునాడు తేరిన చెవితో మరల వినుట అన్నిటికంటె మంచి పరీక్ష.

ఇంతటితో బీటు ముగిసినదని పలువురు తలంతురు. ముగియలేదు. ఎనిమిదవ పని యొకటి యున్నది. అదియే ఋణము తీర్చుట.

ఒక రికార్డునందు రెండు హక్కులుండును. పాటను రచించినవాని హక్కు ఒకటి; ఆ వాయింపును రికార్డుగా తయారుచేసినవారి హక్కు ఒకటి. 'టుడే' పాటను రచించినవారు జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందమువారు. ఆ సాక్సఫోను వినబడు రికార్డు స్కాట్‌ది. ఇట్టిచోట తునక తీసికొనువాడు ఇరుపక్షముల అనుమతియు పొందవలెను. తొలిదినములలో దీనిని పట్టించుకొన్నవారు కొద్దిమంది. 1991 డిసెంబరులో న్యూయార్కునందలి న్యాయస్థానమున గిల్బర్ట్ ఓ సల్లివన్ పాటనుండి అనుమతి లేక తీసికొన్న తునకను గూర్చి బిజ్ మార్కీ అను రాపర్‌కు ప్రతికూలముగా తీర్పు వచ్చెను. దొంగతనమును నిషేధించు ధర్మాజ్ఞతోనే ఆ న్యాయమూర్తి తన తీర్పును ఆరంభించెను. అప్పటినుండి తునకకు వెల యేర్పడినది.

ఈ తగవు మనదేశమువరకును వచ్చినది. 1981లో విడుదలయైన 'జ్యోతి' అను హిందీచిత్రమున బప్పీ లాహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాటనుండి తీసికొన్న తునకతో 2002లో అమెరికాయందు ట్రూత్ హర్ట్స్ అను గాయని పాట 'అడిక్టివ్' వెలువడి మిక్కిలి ప్రచారము పొందెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కగా, లాహిరి పేరు ముద్రింపనిదే ఆ రికార్డు అమ్మరాదని 2003లో అచ్చటి న్యాయమూర్తి ఆజ్ఞాపించెను. ధనము మాట అటుంచుడు; పేరు ముద్రింపవలెననుట గమనింపదగినది.

కాని చట్టము అందరను కాపాడలేదు. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ సంగతి చూడుడు. 'ఫంకీ డ్రమ్మర్' రచన జేమ్స్ బ్రౌన్ పేరనే నమోదయ్యెను. రికార్డు హక్కు సంస్థది. వాయించిన చేయి రెంటిలో దేనికిని చెందలేదు. వందలకొలది పాటలలో మ్రోగిన ఆ వాయింపునకు రచయితగా అతనికి రావలసిన భాగము ఏమియు రాలేదు. అతడు విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసను పట్టణమున తన వాద్యముతో జీవించి, 2017లో మరణించెను. ఇంతకంటె బాధాకరమైనది గ్రెగరీ కోల్మన్ కథ. 1969లో విన్‌స్టన్స్ అను బృందమువారి 'అమెన్, బ్రదర్' అను పాటలో అతడు నాలుగు ఆవర్తముల డ్రమ్ములు వాయించెను. సుమారు ఆరుసెకండ్ల పని. లోకమున అంతకంటె ఎక్కువగా తునకలైన వాయింపు అరుదు. కోల్మన్ 2006లో నిలువనీడలేక మరణించెను. ఆ బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలెత్తి 24,000 పౌండ్లు సమర్పించిరి. అప్పటికి వాయించినవాడు పోయి తొమ్మిదేండ్లయ్యెను.

ఈ విద్యయే దొంగవిద్య యని కొందరందురు. నేను అట్లనను. టామ్ స్కాట్ పలుకును పీట్ రాక్ వినియుండనిచో, అందలి దుఃఖము ఎవరికిని తెలియకయే పోయెడిది. విడువబడిన రికార్డునుండి మృతమిత్రునికి స్మారకము కట్టుట దొంగపని కాదు. అది గొప్ప వినికిడి. ఆ వినికిడి ఎంత గొప్పదైనను, తాను వినినది మరియొకరి చేతినని మరచినచో మాత్రము అది సగమే పూర్తియైనట్లు. ఎవరి చేతిని వినుచున్నామో తెలిసికొనుటయు వినుటలోని భాగమే.

నేడు తెలుగునాట యువకులు గూడ తమ యిండ్లలో కంప్యూటరు ముందు కూర్చుండి బీట్లు కట్టుచున్నారు. వారికి దూరదేశపు రికార్డులే శరణ్యము కావు. మనకు డప్పున్నది, గుమ్మెటయున్నది, తప్పెటగుళ్లున్నవి, డోలున్నది. ఒక జాతరలో డప్పుకాడు వేసిన దరువును తమ చేతియంత్రమున పట్టుకొని, కోసి, 90 దెబ్బల నడకకు తెచ్చి చుట్టు త్రిప్పవచ్చును. చక్కని బీటగును. అయితే ఆ డప్పుకాని పేరు ఏ రికార్డు అట్టమీదను లేదు. అతని హక్కు ఏ కార్యాలయమునను నమోదు కాలేదు. మనము అడుగనిచో అతనికై అడుగువా రుండరు. అతని యూరు, పేరు వ్రాసికొనుట, అనుమతి వేడుట, వాయించిన దినమునకు కూలి యిచ్చుట, పాట ఫలించినచో అతనికెంత భాగము చెందునో ముందుగానే కాగితముమీద పెట్టుట. ఇవి స్వరము కలుపుటవలె, తాళము సరిచూచుటవలె బీటు కట్టుటలో చేరిన పనులే. వీనికి యంత్రము అక్కరలేదు. ఒక పూట ప్రయాణమును, ఒక కాగితమును చాలును.

కావున బీటు కట్టనెంచిన యువకులకు నా మనవి యిది. బాగుగా వినుడు. తక్కువ తీసికొనుడు. సన్నగా కోయుడు. దెబ్బను మనిషి వేసినట్లు వేయుడు. మాటకు చోటు విడువుడు. పాట పూర్తియైన పిమ్మట దానిక్రింద పేర్లు వ్రాయునప్పుడు, పాడినవాని పేరుతోపాటు తాళము వాయించినవాని పేరును గూడ వ్రాయుడు. ఆ పేరు తెలియనిచో, పాటను ఇంకొక వారము ఆపి, వెదకి వ్రాయుడు.